మాల వేసిన మూడో రోజు: కల్లు, గంజాయి కలిసిన ఒక సైకోసిస్ కేసు

రోగి వయసు 29. మహబూబ్‌నగర్ జిల్లా, జడ్చర్ల వైపు పల్లె. సెంట్రింగ్ పని. ఏడాదిలో సగం ఊళ్లో, సగం హైదరాబాద్ శివారు సైట్ల మీద. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నవంబర్‌లో ఒక గురువారం రాత్రి 11 గంటలకు నలుగురు పట్టుకుని క్యాజువాలిటీకి తెచ్చారు. నల్లబట్టలు, మెడలో అయ్యప్ప మాల, ఎడమ కనుబొమ్మ మీద చీరుకుపోయిన గాయం. భార్య చెప్పింది ఒకటే ముక్క: "మాల ఏసుకున్న మూడో దినం నుంచి గిట్ల జేస్తుండు సారూ. నిద్ర వోతలేడు, లేనోళ్లతోని మాట్లాడుతుండు."

ఇది ఒక్క మనిషి కేస్‌షీట్ కాదు. పాలమూరు, నల్లగొండ వైపు కార్తీకమాసంలో ఒకే తీరుగా వచ్చే కేసులను ఒక రోగిగా కూర్చి రాసినది. మనిషి వివరాలు కల్పితం. లక్షణాలు వచ్చే వరుస, పరీక్షలు, మందుల మోతాదులు మాత్రం వార్డులో నడిచే తీరే.

చేతిలో ఉన్న రెఫరల్ చీటీలో "అక్యూట్ సైకోసిస్, హాలోపెరిడాల్ 10 మి.గ్రా. కండరానికి ఇచ్చాం, 2 గంటల తర్వాత ఫిట్స్" అని ఉంది. సైకోసిస్ అంటే లేనివి కనిపించి, వినిపించి, లేనిది నమ్మే స్థితి, హాలోపెరిడాల్ దానికిచ్చే మందు. ఆఖరుసారి ఎప్పుడు తాగాడో ఎక్కడా రాయలేదు. మిగతా కేసంతా ఆ రాయని లైను చుట్టూనే తిరిగింది.

గంటల లెక్క

భార్యను, బామ్మర్దిని విడివిడిగా కూర్చోబెట్టి అడిగితే వరుస ఇలా తేలింది. ఐతారం రాత్రి 9 గంటల ప్రాంతంలో ఆఖరు కల్లు. రోజూ 4 సీసాలు, బీరు సీసాల్లో పోసే 650 మి.లీ. కొలత, డిపో కల్లు. ఇరవై ఏళ్లు రాకముందు నుంచీ అలవాటు, ఇంత మోతాదు మాత్రం గత ఐదారేళ్లుగా. సోమవారం తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మాల, ఒక పూట భిక్ష. అదే సాయంత్రం చేతుల వణుకు, చెమట. చలికాలం చన్నీళ్లకు వణుకుతున్నాడనుకున్నారు. మంగళవారం మధ్యాహ్నం పీఠం దగ్గర పడిపోయి కాళ్లు చేతులు కొట్టుకున్నాడు. కనుబొమ్మ గాయం అప్పటిదే. తోటి స్వాములు స్వామి పూనాడని హారతి ఇచ్చారు. బుధవారం రాత్రి నుంచి గోడ మీద పురుగులు, చూరులో పిల్లలు కనిపించడం మొదలైంది. గురువారం పొద్దున ఊళ్లో ఆర్‌ఎంపీ గ్లూకోజ్ బాటిల్ ఎక్కించాడు. సాయంత్రం పట్టణంలో హాలోపెరిడాల్, తర్వాత రెండో ఫిట్.

దీన్ని గంటల్లోకి మార్చి చూడాలి. మొదటి ఫిట్ సుమారు 41వ గంటకు. పురుగులు కనిపించింది 72వ గంట దగ్గర. మా దగ్గరికి వచ్చింది 98వ గంటకు. ఒట్టి ఆల్కహాల్ మానేసినా వణుకు 6 నుంచి 8 గంటల్లో, ఫిట్స్ 6 నుంచి 48 గంటల మధ్య, డెలీరియం (ధ్యాస తెగి, లేనివి కనిపించే మతిభ్రమ) 48 నుంచి 96 గంటల మధ్య వస్తాయి. ఈ వరుస దానికి అతికినట్టు సరిపోతోంది. మాల వేసుకున్నందుకు వచ్చిన జబ్బు కాదిది, మాల కోసం ఆపిన కల్లుతో వచ్చిన జబ్బు. అయితే ఒట్టి ఆల్కహాల్ లెక్కతోనే ఆగిపోతే ఈ జిల్లాల్లో దెబ్బతింటాం. కారణం కల్లులోనే ఉంది.

సీసాలో ఏముంది

చెట్టు కల్లులో ఆల్కహాల్ 4 నుంచి 6 శాతం. 650 మి.లీ. సీసాలో 5 శాతం అనుకుంటే సుమారు 26 గ్రాముల ఆల్కహాల్, 4 సీసాలకు 100 గ్రాముల పైచిలుకు. రోజూ అంత తాగేవాడు ఒక్కసారిగా ఆపితే డెలీరియం రావడానికి అదొక్కటే చాలు. కానీ డిపోల్లో అమ్ముడయ్యే కల్లంతా చెట్టు దిగిందని ఎవరూ నమ్మరు, ఊళ్లో ఉన్న తాళ్లు, ఈదులు లెక్కపెడితే తెలిసిపోతుంది. నీళ్లు, శాకరిన్, ఆపైన మత్తు: క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం. నీళ్లు పెరిగేకొద్దీ ఆల్కహాల్ తగ్గుతుంది, మత్తు బరువంతా మందు మీద పడుతుంది. "చెట్టు కల్లు ఎక్కుతలేదు, డిపోదే మంచిగుంటది" అని రోగి అన్నాడంటే అతని మెదడు అలవాటు పడింది ఒక్క ఆల్కహాల్‌కే కాదు, బెంజోడయాజెపిన్లకు (డైజెపామ్, అల్ప్రాజోలం జాతి మత్తుమందులు) కూడా. చెట్టు కల్లు ఎక్కుతుందా, డిపోదా అన్న ఈ ఒక్క ప్రశ్న వార్డులో తప్పకుండా అడగాలి.

అల్ప్రాజోలం పొడి ఒక్క గ్రాము అంటే 0.5 మి.గ్రా. మాత్రలు 2,000. కలిపేవాడు త్రాసుతో తూచడు, ట్యాంకులో సమంగా కలవదు, అడుగు సీసాలో పైసీసాకు కొన్ని రెట్లు ఉండొచ్చు. అందుకే "రోజుకు 4 సీసాలు" అన్న మాటను మిల్లీగ్రాముల్లోకి మార్చే సూత్రమేదీ లేదు. చట్టం అల్ప్రాజోలాన్ని 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద సైకోట్రోపిక్ పదార్థంగా చూస్తుంది, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణమే. క్లోరల్ హైడ్రేట్‌కు అంత కట్టుదిట్టం లేకపోవడం డిపోల వాళ్లకు బాగా తెలుసు.

మందులు కలిస్తే విత్‌డ్రాయల్ (అలవాటైన మత్తు ఆపితే వచ్చే బాధ) కూడా అలలు అలలుగా వస్తుంది. అల్ప్రాజోలం సగటున 11 గంటలకు రక్తంలో సగమవుతుంది, దాని దెబ్బ ఒకటి రెండు రోజుల్లో, ఆల్కహాల్ దెబ్బతో కలిసే పడుతుంది. డైజెపామ్, దాని నుంచి శరీరంలో తయారయ్యే డెస్‌మిథైల్ డైజెపామ్ రోజుల తరబడి ఉంటాయి. ఆ అల వారం దాటాక కూడా రావచ్చు. ఐదో రోజుకు తేరుకుని ఇంటికెళ్లినవాడు తొమ్మిదో రోజు ఫిట్స్‌తో తిరిగి రావడానికి కారణం ఇదే. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ, 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డలోనూ ఆస్పత్రులు నిండింది ఇలాంటి రోగులతోనే. ప్రతి ఏటా మాలల సీజన్‌లో అదే చిన్నపాటిగా మళ్లీ జరుగుతుంటుంది.

మంచం పక్కన

వచ్చేసరికి నాడి 132, బీపీ 158/98, జ్వరం 101.2 ఫారెన్‌హీట్, శ్వాస నిమిషానికి 26, ఆక్సిజన్ 96 శాతం, షుగర్ 78. ఒక చేత్తో కనపడని మేకు పట్టుకుని రెండో చేత్తో కొడుతున్నాడు. మధ్యలో ఆగి, "ఏ తమ్మీ, జాకీ జరిగింది, ముందుగాల దాన్ని సూడు, స్లాబు కూలుతది" అని పక్క మంచం అటెండర్‌ను కేకేశాడు. చేసే పనినే గాల్లో చేయడం డెలీరియంలో తరచూ కనిపించేదే. చూపుడు వేలు, బొటనవేలు దగ్గర పెట్టి దారం పట్టుకున్నట్టు చూపించి "ఈ దారం ఏం రంగు?" అంటే తడుముకోకుండా "ఎర్రది" అన్నాడు, చేయి చాచి పట్టుకోబోయాడు కూడా.

పల్లె రోగికి నెలలు వెనక్కి చెప్పే పరీక్ష పనికిరాదు. వారాలు అడగాలి. "ఐతారం నుంచి ఎనకకు చెప్పు" అంటే "ఐతారం... శనివారం... ఐతారం, సోమారం" అని ముందుకు దొర్లిపోయి ఆగిపోయాడు. ఆస్పత్రిని సైటనుకుంటున్నాడు, రాత్రిని పగలంటున్నాడు. స్కిజోఫ్రీనియా (దీర్ఘకాల సైకోసిస్ జబ్బు) రోగి ఎంత ఉద్రేకంలో ఉన్నా బేస్తారం తర్వాత బుధారం చెప్పగలడు. ధ్యాస తెగితే, తెలివి గంటగంటకూ మారుతుంటే, కంటికి కనిపించేవి చెవికి వినిపించేవాటికంటే ఎక్కువైతే అది మొదట డెలీరియం, తర్వాతే ఇంకేమైనా.

తర్వాత చంకలో చేయి పెట్టి చూడాలి. చాలామంది చేయరు. ఇతనికి తడిసి ముద్దగా ఉంది. కంటిపాపలు పెద్దవిగా ఉన్నా టార్చి వేస్తే ముడుచుకున్నాయి. ఉమ్మెత్త గింజలు కలిసిన కల్లో, మందో తాగినవాడికి చంక ఎండిపోయి, పాపలు వెలుతురుకు కదలక, పొట్టలో చప్పుడు లేక, మూత్రం బిగిసి ఉంటుంది. పురుగుమందైతే చెమట ఉన్నా పాపలు సూదిమొనలా ముడుచుకుని, నోట్లో చొంగ, నాడి నెమ్మది. పత్తి చేల మీద మందు కొట్టే జిల్లాలు కాబట్టి ఆ ప్రశ్న ప్రతిసారీ వేయాలి. ఇతనిది ఆ రెండూ కాదు.

హాలోపెరిడాల్ తర్వాత జ్వరం వచ్చింది గనక న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ (ఇలాంటి మందులకు జ్వరం, కండరాల బిగువు వచ్చే ప్రమాదం) అనుమానం పెట్టుకున్నాం. మోచేయి మడిచి చూస్తే కండరం బిగుసుకోలేదు, కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే 1,840. రెండు ఫిట్స్‌కు, నలుగురితో పెనుగులాటకు అంత పెరగడం మామూలే. మెడ బిగువు లేదు. తలకు దెబ్బ ఉంది కాబట్టి సీటీ తీశాం, రక్తం లేదు. వెన్నులో నీరు తీయడం 24 గంటలు వాయిదా వేశాం. జ్వరం దిగకపోతే తీయాలని షీట్‌లో రాసిపెట్టాం, మర్నాటి మధ్యాహ్నానికే దిగింది. సోడియం 131, పొటాషియం 3.1, మెగ్నీషియం 1.4, మూడూ తక్కువే. లివర్ పరీక్షలు: ఎస్‌జీఓటీ 96, ఎస్‌జీపీటీ 58, బిలిరుబిన్ 1.4, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ 1.1.

మూత్రం నమూనా మొదటి డైజెపామ్ ఇంజెక్షన్‌కు ముందే తీయాలి. మనమిచ్చాక తీస్తే పరీక్ష కిట్ మీద బెంజోడయాజెపిన్ గీతకు అర్థం ఉండదు. ఇతనికి ముందే తీశారు: బెంజోడయాజెపిన్ పాజిటివ్, గంజాయి పాజిటివ్. ఈ కిట్లు క్లోరల్ హైడ్రేట్‌ను పట్టవు, కొన్ని బెంజోడయాజెపిన్లనూ వదిలేస్తాయి. అందువల్ల నెగెటివ్ వచ్చినా కల్లు శుద్ధమని కాదు. గంజాయి గీత సంగతి ఆ రాత్రి పక్కన పెట్టాం. రోజూ తాగేవాడికి మానేసిన నెల దాకా పాజిటివ్ రావచ్చు.

మొదటి రాత్రి

హాలోపెరిడాల్ ఎందుకు బెడిసికొట్టింది? ఆల్కహాల్, బెంజోడయాజెపిన్, క్లోరల్ హైడ్రేట్ అన్నీ మెదడులో గాబా అనే బ్రేకును నొక్కి ఉంచేవే. ఏళ్లతరబడి నొక్కి ఉంచితే మెదడు దానికి ఎదురుగా, దాన్ని ఉరికించే గ్లుటమేట్ వేగాన్ని పెంచుకుంటుంది. ఒక్కసారి కాలు తీస్తే ఆ వేగమే ఫిట్స్, డెలీరియం. హాలోపెరిడాల్ గాబాను ముట్టుకోదు. డోపమైన్‌ను అడ్డుకుని మనిషిని కాస్త నెమ్మదిగా కనిపించేలా చేస్తుంది, ఫిట్స్ వచ్చే గడపను మాత్రం ఇంకా దించుతుంది. లోపల మంట అట్లాగే ఉంటుంది. దానికి తోడు కలిపే ప్రోమెథజైన్ కూడా డెలీరియంలో తికమకను పెంచేదే.

ముందు థయమిన్, అంటే విటమిన్ బి1. 500 మి.గ్రా., 100 మి.లీ. సెలైన్‌లో అరగంట పాటు, రోజుకు మూడుసార్లు, మూడు రోజులు, తర్వాత 250 మి.గ్రా. రోజుకొకసారి ఐదు రోజులు. గ్లూకోజ్ తర్వాతే. ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ముందే ఎక్కింది గనక ఆలస్యం అసలే పనికిరాదు. ఒంట్లో మిగిలిన కాస్త థయమిన్‌ను అది ఖర్చుపెట్టేసి వెర్నికీ జబ్బును (థయమిన్ కొరతతో మెదడు దెబ్బతినడం) తోసుకొస్తుంది. కంటిగుడ్లు పక్కకు తిప్పించి అదురుతున్నాయేమో రోజూ చూశాం. మాత్రగా ఇస్తే తాగేవారి పేగు పెద్దగా పీల్చుకోదు, నరానికే ఇవ్వాలి.

లివర్ ఇంకా పని చేస్తోంది కాబట్టి డైజెపామ్ ఎంచుకున్నాం. బిలిరుబిన్ ఎక్కువై, ఐఎన్‌ఆర్ పెరిగి, పొట్టలో నీరుంటే లోరాజెపామ్ 2 మి.గ్రా. చొప్పున వాడతాం. డైజెపామ్ 10 మి.గ్రా. నరానికి, నిమిషానికి 5 మి.గ్రా. మించకుండా, పెద్ద నరంలో. 10 నుంచి 15 నిమిషాలు ఆగి చూసి మళ్లీ 10. డ్రిప్ సీసాలో కలపకూడదు. మందు తెల్లగా విరిగిపోతుంది, మిగిలింది ప్లాస్టిక్ గొట్టానికి అంటుకుపోతుంది, రోగికి చేరేదెంతో ఎవరికీ తెలియదు. కండరానికి ఇచ్చినా పీల్చుకోవడం నమ్మకం లేదు. నరం దొరకనివాడికి లోరాజెపామ్ కండరానికి ఇవ్వొచ్చు.

గురి ఒక్కటే: పిలిస్తే కళ్లు తెరిచేంత మగత. స్కోరు షీట్లు ఇక్కడ మోసం చేస్తాయి. విత్‌డ్రాయల్ తీవ్రతను కొలిచే సీఐడబ్ల్యూఏ-ఏఆర్ స్కేలులో పది అంశాలు, 67 మార్కులు. అందులో చాలావాటికి రోగి జవాబు చెప్పాలి, స్లాబు పోస్తున్నవాడు ఏం చెబుతాడు? నాడి, చెమట, వణుకు, కదలిక చూసి వేశాం. మొదటి 6 గంటల్లో మొత్తం 80 మి.గ్రా. పట్టింది. డ్యూటీ నర్సు 50 దగ్గర ఆగి ఫోన్ చేసింది, అడగడం సబబే. అలవాటు లేనివాడికి ఆ మోతాదు ప్రాణం మీదికి తెస్తుంది. అలవాటైన మెదడుకు తక్కువ పడితేనే ప్రమాదం. శ్వాస 12 కంటే తగ్గితే ఆపాలి, ఆక్సిజన్, బ్యాగ్-మాస్క్ చేతికందేలా ఉండాలి. ఎక్కువైందని బెంజోడయాజెపిన్లకు విరుగుడైన ఫ్లుమాజెనిల్ మాత్రం ఎక్కించకూడదు, ఇలాంటివాడికి దానితోనే ఫిట్స్ వస్తాయి. మామూలు ఫిట్స్‌కిచ్చే ఫెనిటాయిన్ కూడా ఈ ఫిట్స్‌ను ఆపదు.

మెగ్నీషియం సల్ఫేట్ 2 గ్రాములు నెమ్మదిగా, పొటాషియం డ్రిప్‌లో, 24 గంటల్లో 3 లీటర్ల ద్రవం. గది లైటు వేసే ఉంచాం, చీకటిలో నీడలన్నీ పురుగులవుతాయి. సిబ్బంది "స్వామీ" అని పిలిస్తే తల తిప్పాడు, పేరుతో పిలిస్తే తిప్పలేదు. మాల సంగతి చిన్నదిగా అనిపిస్తుంది, కానీ ఊగిసలాడే రోగి మెడలో తెగని దండ ఉరి లాంటిదే. బలవంతంగా తెంపితే ఇంటివాళ్లు మన మాట వినడం మానేస్తారు. బామ్మర్ది గురుస్వామికి ఫోన్ కలిపాడు, ఆయన చెప్పిన తీరుగా తల్లి చేతుల మీదుగా మాల విరమణ చేయించాం, 10 నిమిషాల పని.

మొదటి 3 గంటలు మెత్తటి బట్టతో రెండు చేతులు కట్టాం. వెల్లకిలా కాదు, పక్కకు తిప్పి, కట్టులో రెండు వేళ్లు దూరేలా, ప్రతి 15 నిమిషాలకు వేళ్ల రంగు చూస్తూ, ఎందుకు కట్టామో, ఎప్పుడు విప్పామో రాస్తూ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ప్రాణాపాయం ఉంటే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల దాకా అత్యవసర చికిత్స ఇవ్వొచ్చు, సైకియాట్రిస్ట్ లేడని చిన్న ఆస్పత్రి వాళ్లు రోగిని గేటు దగ్గరి నుంచే పంపాల్సిన పని లేదు. ఆ గడువు దాటాక భార్యను నామినేటెడ్ ప్రతినిధిగా పెట్టి 89వ సెక్షన్ కింద అడ్మిషన్ రాశాం.

రెండో రోజు పొద్దున మేనమామ ఒకాయన టిఫిన్ సంచిలో సీసా తెచ్చాడు. "రెండు గుక్కలు వోయ్యి డాక్టరూ, సక్కగ లేస్తడు." ఆయన చెప్పింది అబద్ధం కాదు, కల్లు పడితే విత్‌డ్రాయల్ ఆగుతుంది. ఊళ్లో అందరూ చూసిందే. కానీ 80 మి.గ్రా. డైజెపామ్ మీద ఎంత మందుందో తెలియని సీసా పోస్తే ఊపిరి ఆగుతుంది, మగతలో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా పారబోయమని గొడవ పడకుండా, అందులోని మందునే తూచి ఇస్తున్నామని చెబితే విన్నాడు.

గంజాయి గీత దగ్గరికి

రెండో రోజు నోటితో డైజెపామ్ 60 మి.గ్రా., నాలుగో రోజుకు ఊరు, పేరు, వారం చెప్పాడు. ఆరో రోజు వారాలు వెనక్కి తప్పు లేకుండా చెప్పాడు. వణుకు లేదు, రాత్రి 7 గంటల నిద్ర. ఇంటివాళ్లు డిశ్చార్జ్ అడిగారు. చాలాచోట్ల కేసు ఇక్కడే మూసేస్తారు. అయితే తెలివి పూర్తిగా వచ్చినవాడు వార్డు మూలనున్న సీసీ కెమెరాకు వీపు పెట్టి కూర్చుంటున్నాడు, అన్నం భార్య తిన్నాకే తింటున్నాడు.

ఏడో రోజు విడిగా కూర్చోబెట్టి అడిగితే, బావ తన ఫోన్‌లో ఏదో పెట్టాడని, సైట్‌లో ఇద్దరు మనుషులు తన గురించి మాట్లాడుకుంటున్నది ఇప్పటికీ వినబడుతోందని, "వీడు లేస్తుండు, వీడు కూసుంటుండు" అని తాను చేసేదల్లా చెబుతుంటారని అన్నాడు. ధ్యాస చెక్కుచెదరలేదు, పురుగులు లేవు, చెమట లేదు. ఇది డెలీరియం తోక కాదు, వేరే జబ్బు.

గంజాయి గురించి భార్యను అడిగితే లేదంది. నిజంగానే ఆమెకు తెలియదు. ఈ ప్రశ్న ఇంటివాళ్లను కాదు, పని జోడీని అడగాలి. "గంజాయి అలవాటుందా" అంటే ఎవరూ ఒప్పుకోరు, "సిగరెట్ల నింపుకొని తాగుతరా, రోజుకెన్ని" అంటే లెక్క వస్తుంది. జోడీ చెప్పిన లెక్క: ఏడాదిన్నరగా తాగుతున్నాడు, ఉగాది తర్వాత నుంచి రోజుకు ఆరేడు. వినాయక చవితి నాటికే బావతో మాట్లాడటం మానేశాడు, ఫోన్ సిమ్ రెండుసార్లు విరగ్గొట్టాడు, సైట్ మధ్యలో వదిలి ఊరికి వచ్చేశాడు. అది చూసి తల్లి భయపడి మాల మొక్కుకుంది.

దీంతో కేసు తలకిందులైంది. మొదటి జబ్బు సెప్టెంబర్‌లోనే మొదలైంది, గంజాయితో. దానికి మందుగా వేసిన మాల వల్ల కల్లు ఆగి రెండో జబ్బు వచ్చింది. రెండోది అరుపులతో వచ్చింది గనక అందరికీ అదే కనిపించింది.

పేరు ఏది రాస్తామన్నది చాదస్తం కాదు. ఇప్పటిదాకా జరిగిన దీర్ఘకాల పరిశీలనలు కలిపి చూస్తే, గంజాయి వల్ల సైకోసిస్ వచ్చినవారిలో సుమారు మూడో వంతు మందికి తర్వాత స్కిజోఫ్రీనియా నిర్ధారణ అవుతోంది. ఆల్కహాల్, మత్తుమాత్రల వల్ల వచ్చినవారిలో అది పదో వంతు దగ్గర. కార్డు మీద "కల్లు మానేసిన డెలీరియం, నయమైంది" అని ఒక్కటే రాసి పంపితే, ఈ మనిషిని ఎవరూ మళ్లీ పిలవరు. అందుకే రెండూ రాశాం: ఫిట్స్‌తో కూడిన ఆల్కహాల్, మత్తుమందుల విత్‌డ్రాయల్ డెలీరియం, గంజాయి వల్ల సైకోసిస్, తాత్కాలిక నిర్ధారణ. రెండోదాన్ని తాత్కాలికమనడానికి కారణం గడువు. మత్తు పూర్తిగా ఆగాక నెల దాటినా లక్షణాలు అట్లాగే ఉంటే మూల జబ్బు వైపు ఆలోచించాలి. కుటుంబ చరిత్ర కూడా అడగాల్సిన తీరులో అడగాలి. "మానసిక జబ్బుందా" అంటే లేదన్నారు. "ఇంట్ల ఎవరన్న దేశం వట్టి పోయిండ్రా, తమకు తాము మాట్లాడుకునేటోళ్లున్నరా" అంటే తల్లి తన తమ్ముడి సంగతి చెప్పింది.

ఎనిమిదో రోజు సైకోసిస్ మందు రిస్పెరిడోన్ 1 మి.గ్రా. రాత్రి, రెండు రోజులకు 2, పద్నాలుగో రోజుకు 4. ముందే ఎందుకు మొదలుపెట్టలేదంటే, ఫిట్స్ ముప్పు దాటాలి, తెలివి తేటపడాలి. లేకుంటే ఏ మందు దేనికి పనిచేసిందో తేలదు. అదే కోవ మందుల్లో ఒలాంజపైన్ ఇంజెక్షన్‌ను డైజెపామ్ ఇంజెక్షన్లతో కలిపి ఇవ్వడం శ్వాసకు ప్రమాదం, క్లోర్‌ప్రొమజైన్ ఫిట్స్‌ను పిలుస్తుంది.

తగ్గించే లెక్క, ఇంటి దారి

ఏడో రోజు డైజెపామ్ రోజుకు 40 మి.గ్రా. దగ్గర నిలిపి, మూడు రోజులకొకసారి 5 చొప్పున తగ్గించాం: పదో రోజు 35, పదమూడో రోజు 30, పదహారో రోజు 25. తొమ్మిదో రోజు రాత్రి మళ్లీ చెమట, నాడి 108. రెండో అల అదే. ఆ రాత్రికి 10 మి.గ్రా. అదనంగా ఇస్తే సర్దుకుంది. పదిహేడో రోజు 25 మి.గ్రా. మీద ఇంటికి పంపాం, వారానికి 5 చొప్పున తగ్గిస్తూ, ఆఖరు వారం 2.5. చివరి మెట్లే కష్టం. 5 నుంచి సున్నాకు ఒక్కసారి దూకితే నిద్ర పట్టదు, నిద్ర పట్టనివాడు డిపో దారి పడతాడు.

మాత్రలు వారానికి సరిపడా మాత్రమే, తల్లి చేతికి. చిట్టీ మీద మొత్తం రాసి మెడికల్ షాపుకు పంపితే ఒక మత్తు పోయి ఇంకో మత్తు వస్తుంది. కల్లు తాగి వచ్చిన రోజు ఆ పూట డైజెపామ్ ఇవ్వొద్దని, మగతగా ఉండి గురక మారితే పక్కకు పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలని తల్లికి రెండుసార్లు చెప్పించుకున్నాం. రాత్రిపూట సందేహాలకు టెలీ మానస్ నంబర్ 14416 కార్డు వెనక రాశాం, తెలుగులో మాట్లాడతారు.

మాల వేసుకోవాలనుకునే తోటి తాగుబోతుల గురించి గురుస్వామే అడిగాడు. రోజూ రెండు సీసాలకు మించి నెలల తరబడి డిపో కల్లు తాగేవాడు దీక్షకు 10, 15 రోజుల ముందే ఆస్పత్రికి రావాలి. పూటకో సీసా తగ్గించుకుంటానంటే కుదరదు, రెండు సీసాల్లో మందు ఒకేలా ఉండదు గనక. మునుపు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చినవాడు ఇంటి దగ్గర అసలు ప్రయత్నించకూడదు, ప్రతిసారీ విత్‌డ్రాయల్ గతంలో కంటే గట్టిగా వస్తుంది. గురుస్వామి ఆ మాట పీఠంలో చెప్పడం మొదలుపెట్టాడు, మా పోస్టర్ల కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

తర్వాత నాలుగు నెలలు

మూడో వారానికి చెవిలో మాటలు ఆగాయి. నెల తిరిగేసరికి బావతో మాట్లాడాడు, ఫోన్ అనుమానం "అప్పుడట్ల అనిపించింది" అనే దగ్గరికి వచ్చింది. మూత్రంలో గంజాయి నెగెటివ్. సంక్రాంతి దావత్‌లో ఒక సీసా కల్లు తాగాడు, మర్నాడు తానే వచ్చి చెప్పాడు. కల్లుకు సంబంధించి అంతకు మించి జారలేదు.

నాలుగో నెలలో నిద్ర ఎక్కువవుతోందని రిస్పెరిడోన్ ఆపేసి సైట్‌కు వెళ్లాడు. అక్కడ గంజాయి మళ్లీ మొదలైంది, కల్లు లేదు. పది రోజుల్లో ఇద్దరు మనుషుల మాటలు మళ్లీ వినబడ్డాయి. ఈసారి చెమట లేదు, వణుకు లేదు, వారాలు వెనక్కి గడగడా చెప్పాడు. కార్డు మీద రెండో లైను ఉండబట్టి డ్యూటీ డాక్టర్ డైజెపామ్ జోలికి పోకుండా రిస్పెరిడోన్ తిరిగి మొదలుపెట్టాడు, మూడు వారాల్లో తగ్గింది. నిద్ర ఫిర్యాదు నిజమే గనక మోతాదు 3 మి.గ్రా.కు తగ్గించి, పడుకునే ముందు కాక రాత్రి 8కే వేయమన్నాం. ఈసారి కనీసం ఏడాది ఆపేది లేదు. రెండు ఎపిసోడ్లూ గంజాయి మీదే వచ్చాయి కాబట్టి నిర్ధారణ మార్చలేదు. గంజాయి లేకుండా మూడోది వస్తే "తాత్కాలిక" అన్న మాట కొట్టేసి స్కిజోఫ్రీనియా అని రాయాలని కార్డు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాం.